కాపు ఏడాదికోసారి, కారు వాయిదా నెలనెలా

సంక్రాంతి సంచికకి ముఖచిత్ర కథనం కావాలి, అంశం 'మామిడి పల్లెల్లో కారు మోజు', పండక్కి ముందు వారం అచ్చుకి వెళ్లిపోవాలి. ఎడిటర్ గారు చెప్పింది ఇంతే. పందెం బరుల పక్కన బారులు తీరిన పెద్ద బండ్ల ఫొటోలుంటే చాలని ఆయన ఉద్దేశం. ఏలూరు జిల్లా చింతలపూడిలో నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక కాగితం. వరసకి తమ్ముడయ్యే ఒక మామిడి రైతు బీరువాలో, పట్టాదారు పాసుపుస్తకం పక్కనే, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకున్న కారు కొటేషన్ అది. వెనక్కి తిప్పితే పెన్సిల్‌తో వేసుకున్న లెక్కలు. కొట్టివేతలు, మళ్లీ లెక్కలు.

ఈ తమ్ముడు ఇంజన్ చప్పుడు విని ఏ బండో చెప్పేస్తాడు. డీజిల్ థార్‌కీ స్కార్పియోకీ చప్పుడులో తేడా ఏమిటో పావుగంట మాట్లాడగలడు. 2024 ఆగస్టు 15న అయిదు తలుపుల థార్ రాక్స్ వచ్చినప్పుడు దాని ధరల పట్టిక కంఠతా పట్టేశాడు. ఇంట్లో ఉన్నది మోటారు సైకిలు, ఓ పాత ట్రాక్టరు. నాకూ బండ్లంటే ప్రాణం. కారు కోరికని దుబారా ఖాతాలో రాసేసే పెద్దమనుషులతో నాకు పేచీ ఉంది. మనిషి కష్టపడేది తిండికీ అప్పులకే కాదు. ఎండలో తోట చుట్టూ తిరిగేవాడికి మంచి బండి ఎక్కాలనిపిస్తే అందులో తప్పేమీ లేదు. తప్పెక్కడ జరగగలదో ఆ కొటేషన్ చూశాకే నాకు స్పష్టమైంది.

ముందు కాగితం ముందువైపు చూద్దాం. ధరలు నెలనెలా మారుతుంటాయి కనక షోరూమ్ ధర గుండ్రంగా 14 లక్షలు అనుకుందాం. నాలుగు మీటర్లకి మించిన పొడవు, పెద్ద డీజిల్ ఇంజన్. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారాక ఇలాంటి బండి మీద 40 శాతం పన్ను. అంటే ఆ 14 లక్షల్లో బండి విలువ 10 లక్షలు, జీఎస్టీ 4 లక్షలు. దానిపైన మన రాష్ట్రం లైఫ్ ట్యాక్స్. కొన్నేళ్ల కిందట సవరించిన శ్లాబుల ప్రకారం 10 నుంచి 20 లక్షల మధ్య బండికి 17 శాతం. 2,38,000 రూపాయలు. బండి 10 లక్షలైతే, రోడ్డెక్కే లోపు రెండు ప్రభుత్వాలకీ చేరేది 6,38,000.

తర్వాతి వరసలో టీసీఎస్. 10 లక్షలు దాటిన బండి ధర మీద ఒక శాతం షోరూమ్ వాళ్లే వసూలు చేసి ఆదాయపు పన్ను శాఖకి కడతారు. ఇక్కడ 14,000. ఇది ఖర్చు కాదు, పాన్ నంబరు మీద జమ అవుతుంది. రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కనక మన రైతుల్లో చాలామంది రిటర్న్ జోలికే పోరు. ఆ 14,000 అడిగేవాడు లేక అక్కడే ఉండిపోతుంది. 'ఇది వెనక్కి వస్తుందా అన్నయ్యా?' అని తమ్ముడు రెండుసార్లు అడిగాడు. అతని కళ్లలో వెలుగు చూసి, షోరూముల్లో ఈ ఒక్క ముక్క పెద్ద అక్షరాలతో రాసి గోడకి పెడితే ఎంత బాగుండు అనిపించింది.

ఆ కింద బీమా. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. 1500 సీసీ దాటిన ఇంజన్‌కి 2022లో ఖరారైన రేటు ప్రకారం అదొక్కటే 24,596. సొంత బండికి నష్టం జరిగితే వచ్చే బీమా దీనికి అదనం. ధర, లైఫ్ ట్యాక్స్, టీసీఎస్ కలిపితేనే 16,52,000 అయింది కదా, బీమా, రిజిస్ట్రేషన్ ఖర్చులతో 17 లక్షల గడప తొక్కుతుంది.

పక్కనే చిన్న బండి పెట్టి చూడండి. పన్ను లేకుండా 7 లక్షల విలువ, చిన్న ఇంజన్, నాలుగు మీటర్ల లోపు పొడవు. జీఎస్టీ 18 శాతమే, షోరూమ్ ధర 8,26,000. లైఫ్ ట్యాక్స్ 14 శాతం, 1,15,640. టీసీఎస్ లేదు. బీమా కాకుండా 9,41,640. రెంటికీ మధ్య దూరం 7 లక్షల పైమాటే. ఈ లెక్క తమ్ముడి కాగితం మీద కూడా ఉంది, దాని మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. ఎందుకు కొట్టేశావని నేను అడగలేదు. నేనైనా కొట్టేసేవాణ్ణే.

ఇప్పుడు వెనకవైపు. 10 లక్షలు అప్పు, 9 శాతం వడ్డీ, ఏడేళ్లు. నెలకి 16,089. ఏడేళ్లలో కట్టేది 13,51,476. మొదటి వాయిదాలో 7,500 వడ్డీకే పోతుంది. అయిదేళ్లకి కుదిస్తే నెలకి 20,758, మొత్తం మీద లక్షకి పైగా మిగులుతుంది. ఏ బ్యాంకులోనైనా ఈ లెక్క చెబుతారు. తమ్ముడు దాన్ని అక్కడ ఆపలేదు, కాయల్లోకి మార్చాడు. 2025లో తోతాపురికి, అంటే మన కలెక్టర్ కాయకి, చిత్తూరు వైపు ధర పడిపోతే ప్రభుత్వం ఫ్యాక్టరీల 8 రూపాయలకి తను 4 కలిపి కిలోకి 12 ఇప్పించింది. ఆ 12 పట్టుకుని భాగించాడు. నెల వాయిదాకి 1,341 కిలోలు. ఏడాదికి 16 టన్నులు. ఏడేళ్లకి 112 టన్నులు. ఎకరానికి నాలుగు టన్నులు దిగిందనుకున్నా నాలుగెకరాల తోట ఏడేళ్లపాటు బండి కోసమే కాయాలి. మందుల ఖర్చు, కోత కూలి, కిరాయి ఇందులో లేవు.

ఇంతకంటే నన్ను పట్టుకున్నది కాగితం అడుగున గీసిన పన్నెండు గళ్లు. జనవరి నుంచి డిసెంబరు దాకా. ఏప్రిల్, మే, జూన్ గళ్లలో టిక్కులు. మిగతా తొమ్మిదీ ఖాళీ. డబ్బు కనపడేది ఆ మూడు నెలల్లోనే, వాయిదా పోయేది పన్నెండు నెలలూ. సంక్రాంతికి పూత నిండుగా ఉన్నా తేనెమంచు పురుగు పడొచ్చు, బూడిద తెగులు రావచ్చు. పిందె నిలిచాక ఒక్క ఈదురుగాలి చాలు. అన్నీ దాటి కాయ బాగా వచ్చిన ఏడాది ధర ఉండదు. పైగా బంగినపల్లి చెట్టుకి ఏడాది విడిచి ఏడాది కాసే గుణం ఉంది. బ్యాంకు వాయిదాకి అలాంటి విరామం లేదు.

బ్యాంకులకి ఇది తెలియక కాదు. ట్రాక్టరు అప్పుకి ఆరు నెలలకో ఏడాదికో కట్టే వీలిస్తాయి. కారు అప్పు దగ్గరికొచ్చేసరికి రైతుని కూడా జీతగాడిలా చూస్తాయి. రైతుకి కారు అప్పు ఇవ్వాలంటే దరఖాస్తుదారు, తోడు దరఖాస్తుదారు కలిపి ఏడాదికి 4 లక్షల నికరాదాయం ఉండాలని, దానికి మూడు రెట్ల దాకా అప్పు ఇవ్వొచ్చని స్టేట్ బ్యాంకు నిబంధన. అంటే 4 లక్షలు మిగిలే రైతుకి 10 లక్షలు సునాయాసంగా వస్తాయి. అతని వాయిదాలు ఏడాదికి 1,93,068. మిగిలిన దాంట్లో దాదాపు సగం. బ్యాంకు సరే అన్నదంటే స్తోమత ఉన్నట్టే అనుకునేవాళ్లు ఈ ఒక్క అంకె చూడాలి.

ఈ ఇరుకులోంచి బయటపడటానికి మన ఊళ్లలో వాడే దారి బంగారం. ఇంట్లో నగలు పెట్టి వ్యవసాయ అప్పు తెస్తారు. ఏడాదికోసారి కడితే చాలు కనక మామిడి క్యాలెండరుకి అతికినట్టు సరిపోతుంది. ఆ డబ్బుతో ముందు చెల్లించే మొత్తం కడతారు. కాపు బాగుంటే విడిపిస్తారు, లేకపోతే వడ్డీ మాత్రం కట్టి తిరగరాస్తారు. రెండేళ్లు తిరగరాసిన నగ మీద మూడో ఏడు ఆశ తగ్గుతుంది. ఇది నాకు బొత్తిగా నచ్చని దారి. కోరిక ఒకరిది, మెడ ఇంకొకరిది. పంట పేరు చెప్పి తెచ్చిన అప్పు కారుకి పోతే, పంటకి కావలసినప్పుడు బయట మూడు రూపాయల వడ్డీకి పరుగెత్తాలి.

అదే ఊళ్లో పామాయిల్ వేసినవాళ్ల పరిస్థితి వేరు. నాలుగో ఏడు నుంచి పది పదిహేను రోజులకోసారి గెలలు కోస్తారు, డబ్బు ఖాతాలో పడుతుంది. నెల వాయిదాకి సరిగ్గా నప్పే పంట. పెదవేగిలో 1995 నుంచి పామాయిల్ పరిశోధన సంస్థ ఉంది, తోటలు ఈ జిల్లాలోనే విరివిగా పెరిగాయి. చింతలపూడి రోడ్ల మీద కొత్త బండ్ల వెనక మామిడి కంటే పామాయిల్ ఉందని ఎవరైనా అంటే నేను కాదనను. అయినా దాని ధరకీ గ్యారంటీ లేదు. 2025 మే 30న కేంద్రం ముడి వంటనూనెల దిగుమతి సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించింది. అలాంటి నిర్ణయం ఎక్కడో జరుగుతుంది, గెల ధర ఇక్కడ కదులుతుంది.

కోకో సంగతి మరీ కళ్లు తెరిపించేది. పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిని 2024లో ప్రపంచ ధర టన్నుకి 10,000 డాలర్లు దాటింది, డిసెంబరులో 12,000 కూడా దాటింది. మన జిల్లాలో అంతర పంటగా కోకో ఉన్నవాళ్లకి కలలో కూడా అనుకోని ధర పలికింది. 2025కి పడిపోయింది. రైతులు ధర్నాలు చేశారు, ప్రభుత్వం సాయం ప్రకటించాల్సి వచ్చింది. 2024 ధర చూసి ఏడేళ్ల వాయిదాకి సంతకం పెట్టినవారు 2031 దాకా కడుతూనే ఉంటారు. ఒక్క మంచి ఏడాది ఇచ్చిన ధైర్యం మీద ఏడేళ్ల మాట ఇవ్వకూడదని తమ్ముడికి చెప్పాను. అతను విన్నాడు, ఒప్పుకోలేదు.

ఇక చరిత్ర, క్లుప్తంగా. నూజివీడు రసాలు, బంగినపల్లి తోటలు జమీందారీ రోజుల నుంచీ పేరుమోసినవి. ఒకప్పుడు ఊళ్లో అంబాసిడర్ ఉందంటే పెద్ద కుటుంబం అని లెక్క. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి కారుని ఉద్యోగస్తుల దాకా తెచ్చింది. ఆ రెండు బండ్ల తయారీ 2014లో ఆగిపోయింది. 2005లో వచ్చిన ఇన్నోవా పెళ్లిళ్లకీ తిరుపతి ప్రయాణాలకీ స్థిరపడింది. 2019లో అనంతపురం దగ్గర పెనుకొండలో కియా ఫ్యాక్టరీ తెరుచుకుంది, మన రాష్ట్రంలో తయారైన కారు మన తోటల్లోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చి చింతలపూడితో ఒకే గూటికి చేరింది.

కారు కొనేవాళ్లకి '20-4-10' సూత్రం ఒకటి ప్రచారంలో ఉంది. ధరలో 20 శాతం ముందు కట్టాలి, నాలుగేళ్లకి మించి అప్పు వద్దు, రవాణా ఖర్చంతా నెల ఆదాయంలో 10 శాతం లోపు ఉండాలి. అమెరికా జీతగాళ్ల కోసం పుట్టిన లెక్క ఇది. నెల ఆదాయమన్న మాటే లేనివాడికి ఏం చెబుతుంది? మామిడి రైతుకి పనికొచ్చే పద్ధతి వేరేగా ఉండాలి. తమ్ముడూ నేనూ ఆ కాగితం కిందనే రాసుకున్నాం. ఇంకో రెండు కాపులు ఆగి అప్పు 5 లక్షలకి దించాలి. అయిదేళ్లకి నెలకి 10,379 అవుతుంది. జూన్‌లో కాయ డబ్బు చేతికొచ్చిన రోజే పన్నెండు వాయిదాలు, 1,24,548, వేరే ఖాతాలో పెట్టేయాలి. ఆ ఖాతా నిండని ఏడాది వస్తే ఏం చెయ్యాలన్నది ముందే తేల్చుకోవాలి. ట్రాక్టరు అమ్మడమా, బండి అమ్మడమా. నగలు మాత్రం లెక్కలోకి రాకూడదు.

'రెండు కాపులంటే రెండేళ్లు అన్నయ్యా,' అన్నాడు. బెంగగానే అన్నాడు. గుమ్మంలో కూర్చున్న వాళ్ల నాన్నగారు అప్పటిదాకా మాట్లాడలేదు. 'కొనుక్కోరా, వద్దని నేనెప్పుడన్నాను? సంతకం పిందె నిలిచాక పెట్టు, పూత చూసి పెట్టకు,' అన్నారు. తమ్ముడు కొటేషన్ మళ్లీ కవర్లో పెట్టి, వచ్చే నెల కొత్త ధరలు తెచ్చుకుంటానన్నాడు.

బాక్సు 1: నిజాం గారి రోల్స్ రాయిస్

కల కారుకీ పొదుపుకీ మధ్య నలిగిన తెలుగు నేల కథల్లో పెద్దది హైదరాబాదుది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సింహాసనం లాంటి ఆసనంతో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ తయారు చేయమని ఆర్డరిచ్చారు. బండి చేతికి రాకుండానే 1911 ఆగస్టులో కన్నుమూశారు. అది కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కి దక్కింది. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ప్రపంచంలో అత్యంత సంపన్నుడిగా ముఖచిత్రం వేసిన మనిషి ఆయనే, పిసినారితనానికి పేరుపడిందీ ఆయనే. వేడుకలకి తప్ప ఆ బండిని బయటికి తీయలేదు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. తండ్రి కోరికా నాకు అర్థమవుతుంది, కొడుకు సంయమనమూ అర్థమవుతుంది. తిరగని బండి మీద మాత్రం జాలి కలుగుతుంది.

బాక్సు 2: మూడేళ్ల తర్వాత బండి విలువెంత?

బీమా కంపెనీలు బండి విలువని వయసుని బట్టి తగ్గిస్తాయి. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50. మన 14 లక్షల బండి మూడేళ్లు దాటేసరికి బీమా లెక్కలో 8,40,000. ఏడేళ్ల అప్పులో అప్పటికి 5,79,204 కట్టి ఉంటారు, ఇంకా సుమారు 6,47,000 బాకీ ఉంటుంది. ఆ రోజు ప్రమాదంలో బండి పూర్తిగా పోతే బీమా సొమ్ములోంచి ముందు బ్యాంకు బాకీ తీరాలి. చేతికొచ్చేది రెండు లక్షల లోపే. కట్టిన లైఫ్ ట్యాక్స్ ఆ విలువలో లెక్కకి రాదు. కొత్త బండికి మొదటి ఏళ్లలో 'రిటర్న్ టు ఇన్వాయిస్' అనే అదనపు బీమా దొరుకుతుంది. అది ఉంటే బండి పూర్తిగా పోయినప్పుడు తరుగుదల కొయ్యకుండా కొన్న ధర లెక్కన ఇస్తారు. ఎన్నేళ్ల దాకా ఇస్తారో, పన్ను కూడా కలుపుతారో లేదో కంపెనీని బట్టి మారుతుంది. కొటేషన్ తీసుకునేటప్పుడే అడిగి ఆ వరస కూడా రాయించుకోండి.