కీ ఇవ్వమాకండి!

గోడ గడియారం బాగు చేయించుకుందామని జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లాను. రిపేరు కొట్టాయన మేకు కోసం సొరుగంతా కెలుకుతుంటే అడుగున ఓ చిన్న పెట్టె కనబడింది. అందులో తెల్ల డయలు హెచ్ఎంటీ జనతా వాచీ! వెనక మూత మీద గీత లేదు. పట్టీ ఎవరి చెమటా ఎరగదు. ఒకప్పుడు పెళ్లిళ్ల రోజుల్లో అల్లుళ్ల కోసం తెప్పించిన సరుకట. అడిగేవాళ్లు లేక అలాగే ఉండిపోయింది. నా చెయ్యి దానంతటదే కీ మీదికి పోయింది.

“కీ ఇవ్వమాకండి మాస్టారూ!” అన్నాడాయన, దాదాపు కేకలా.

మూత తీసి కంటి భూతద్దం నా చేతికిచ్చాడు. మరమేకుల గాళ్లు పదునుగా ఉన్నాయి, స్క్రూడ్రైవరు తగిలిన జాడ లేదు. అసలు సరుకుకు నేను నమ్మే గుర్తు అదే. డయలుకు కొత్త రంగేసి ‘పాత కొత్తది’ అని అంటగట్టే రోజులివి. కానీ ఎర్రటి రాళ్ల చుట్టూ ఎండిన పాకంలాంటి మరక. ఆ రాళ్లు 17, కృత్రిమ కెంపులు. నగల కొట్లో చెల్లవు గానీ, చక్రాల ఇరుసు మొనలు అరిగిపోకుండా కాసేవి అవే. ఒక్కో రాతి గుంటలో సూదిమొనంత నూనె ఉంటుంది. వాడినా వాడకపోయినా ఏళ్లు గడిస్తే అది చిక్కబడుతుంది. అలాంటప్పుడు తిప్పితే ఉక్కు మొనలు అరుగుతాయి. చేతికెక్కని వాచీకీ ముసలితనం వస్తుందన్నమాట.

కీ ఇస్తే డబ్బీలోని ఉక్కు స్ప్రింగు బిగుస్తుంది. అది విప్పుకునే బలం పళ్ల చక్రాల గుండా పోతుంది. చివరి చక్రాన్ని చిన్న కొంకి ఒక్కో పన్ను చొప్పునే వదులుతుంది. ఆ టిక్కు టిక్కు దానిదే. పైన బ్యాలన్స్ చక్రం గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదుసార్లు ఊగుతుంది. రోజుకు 4,32,000!

1953లో బెంగళూరులో పుట్టిన హిందుస్థాన్ మెషిన్ టూల్స్ (హెచ్ఎంటీ), 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో వాచీల పనిలో దిగింది. తర్వాత మన హైదరాబాదు ఆల్విన్ కూడా సీకో సాంకేతికతతో వాచీలు చేసింది. మాకు మాత్రం ఆల్విన్ అంటే బస్సు బాడీలే. సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ వచ్చాక కీ వాచీ నిలవలేకపోయింది. 2016లో హెచ్ఎంటీ వాచీల సంస్థను మూసేయాలని కేంద్రం తేల్చేసింది.

వారం తర్వాత కొట్టాయన ఆ జనతాను కడిగి, నూనెలేసి చేతికిచ్చాడు. కీ ఇచ్చాను. సెకన్ల ముల్లు ఒక్క క్షణం తటపటాయించి కదిలింది. తిరుగు బస్సు రొదలో చప్పుడు వినబడలేదు. చిల్లకల్లులో డ్రైవరు ఇంజను ఆపి టీకి దిగితే, వాచీని చెవికి ఆనించుకున్నాను. పక్క సీటు ముసలాయన నన్ను చూసి నవ్వి, “జనతానా?” అన్నాడు.