మీకు తెలుసా? డేరాలు వేసిన నేల

హైదరాబాద్ పక్కనున్న మహేశ్వరం దగ్గరి మొరం నేలలో గుడారం మేకు బెత్తెడు కూడా దిగదు. పైన నాలుగు వేళ్ల మట్టి, కింద గ్రానైటు. పోయిన చలికాలం మా పిల్లలు ఆన్‌లైన్‌లో తెప్పించిన అల్యూమినియం మేకులు మూడు వరసగా వంగిపోయాయి. చెరువుకట్ట పక్కన మేకల్ని కాస్తున్న ఒక పెద్దాయన కాసేపు చూసి, "మేకులెందుకు బిడ్డా, గుండ్లకు కట్టుండ్రి" అంటూ నాలుగు రాళ్లు దొర్లించుకొచ్చాడు. తాడును రాయి నడుముకు రెండు చుట్లు తిప్పి, ముడి కింద పడేలా రాయిని దాని మీదికే ఒరిగించాడు. తెల్లారేదాకా కదిలితే ఒట్టు. ఆ గుండ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అంత పాత వస్తువును వాడుకుని, కొత్త మేకుల్ని డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాం.

తెల్లారి లేచి చూస్తే గుడారం లోపలి గుడ్డ తడిసి ఉంటుంది. మంచు లోపలికి దిగిందనుకుంటారు. కాదు, అది మీ ఊపిరే. రాత్రంతా వదిలిన వెచ్చటి గాలిలోని తేమ చల్లబడిన గుడ్డకు తగిలి నీళ్లవుతుంది. చలికి భయపడి జిప్పు పూర్తిగా బిగించినవాళ్లే ఎక్కువ తడుస్తారు. రెండు పక్కలా జానెడు సందు వదలండి.

చెరువు ఒడ్డున గుడారం అంటే అసలు ప్రశ్న ఒడ్డు ఎక్కడ అనేది. ఎండాకాలంలో నీళ్లు కనిపించే చోటు ఒడ్డు కాదు. మత్తడి దాకా నీళ్లు నిండితే ఎంత మేర మునుగుతుందో అది ఎఫ్‌టీఎల్, పూర్తి నీటిమట్టం. ఆ గీత లోపలి భూమిని మనవాళ్లు శిఖం అంటారు. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు అది చదునుగా, మెత్తగా, మేకు ఇట్టే దిగేలా ఉంటుంది. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే గుడారం వేస్తారు. పైన ఎక్కడో వాన పడి వాగు వచ్చిందంటే ముందు మునిగేది అదే. మత్తడి కింద పల్లం ఇంకా ప్రమాదం. ఎఫ్‌టీఎల్ బయట కూడా బఫర్ ఉంటుంది. హైదరాబాద్ మహానగర పరిధి నిబంధనల్లో 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. కట్టడాల కోసం పెట్టిన లెక్కే అయినా, పడుకునేవాడికీ అది మంచి కొలతే.

శంషాబాద్ పక్కనున్న హిమాయత్‌సాగర్‌నే చూడండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ నగరాన్ని ముంచెత్తాక, మళ్లీ అలాంటిది రాకుండా మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌నీ, ఈసీ మీద దీన్నీ కట్టారు. ఇది 1927లో పూర్తయింది. పూర్తి మట్టం సముద్రమట్టం నుంచి 1763.5 అడుగులు. నిండుకుండయ్యి గేట్లు ఎత్తితే కింద ఔటర్ రింగ్‌రోడ్డు సర్వీస్ రోడ్డు మీదికే నీళ్లొస్తాయి, పోలీసులు దారి మూసేస్తారు. తారురోడ్డు గతే అలా ఉంటే గుడారం సంగతి చెప్పేదేముంది?

గుడారాల సరదా అమెరికా నుంచి వచ్చిందని మా కాలనీలో ఒకాయన వాదన. ఆయన సికింద్రాబాద్‌లో పుట్టాడు! ఆ ఊరు మొదలైందే గుడారాలతో. 1798 సైన్య సహకార ఒప్పందం తర్వాత ఈస్టిండియా కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఆవలి పొలాల్లో డేరాలు వేసుకుని దిగాయి. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద అది సికింద్రాబాద్ అయింది. సైన్యం దిగిన చోటు గనక జనం లష్కర్ అన్నారు. ఏటా ఆషాఢంలో లష్కర్ బోనాలు అంటున్నామంటే, ఆ డేరాల మాటనే ఇంకా పలుకుతున్నామన్నమాట.

ఎల్‌బీ స్టేడియం ఉన్న ఫతే మైదాన్‌దీ అదే కథ. గోల్కొండ సుల్తాను తానీషా మంత్రులైన అన్నదమ్ములు అక్కన్న మాదన్నలు అక్కడి వీధుల్లో హతమైన కొద్దికాలానికే ఔరంగజేబు సేనలు వచ్చిపడ్డాయి. 1687లో ముట్టడి సాగిన ఎనిమిది నెలలూ మొగల్ దండు గుడారాల్లోనే గడిపింది. దండు దిగిన మైదానానికి గెలిచాక ఫతే, అంటే విజయం, అని పేరు పడింది. తర్వాత అక్కడ క్రికెట్ ఆడుకున్నాం.

దండులు సరే, ఆ దండులకు తిండి మోసినవాళ్లు? ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగిన బంజారాలు. వేల ఎద్దుల బిడారుల్ని చూశానని 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఆ కదిలే బిడారు పేరే తండా. రైళ్లు, రోడ్లు వచ్చాక ఎద్దులకు పని పోయింది, బిడారు ఆగిన చోటే ఊరైంది. మహేశ్వరం మండలంలోనూ తండాలున్నాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో 500 జనాభా దాటిన తండాలు సొంత గ్రామపంచాయతీలయ్యాయి. కదలడం మానిన క్యాంపుకు సర్పంచ్ వచ్చాడు.

క్యాంపు అన్న మాట కూడా అంతే. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయ్యాక కర్ణాటకలోని సింధనూరు, గంగావతి వైపు వెళ్లి భూములు సాగుచేసుకున్న తెలుగు రైతుల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. పెంకుటిళ్లు, మేడలు లేచినా పేరులోని క్యాంపు పోలేదు. ఎన్నికలప్పుడు శంషాబాద్ రిసార్టుల్లో జరిగేదీ క్యాంపే, కానీ అందులో గుడారాలుండవు, ఏసీ గదులుంటాయి.

కారవాన్ అనగానే మనకు గుర్తొచ్చేది షూటింగులో హీరో సేదదీరే బండి. శంషాబాద్ దగ్గర అమ్మపల్లి రామాలయం ఆవరణలో సినిమా తీస్తున్నారంటే ఆ బండ్లు బయట బారులు తీరతాయి. అంతకు చాలా ముందే గోల్కొండ దారిలో వర్తకుల బిడారులు ఆగిన పేటకు కార్వాన్ అనే పేరుంది.

అమెరికాలో ఆ కారవాన్ బండికి ఆర్‌వీ అని పేరు. పొయ్యి, పడక, పాయిఖానా అన్నీ అందులోనే. డాలస్ దగ్గర జో పూల్ లేక్ ఒడ్డున సీడార్ హిల్ స్టేట్ పార్కులో నీళ్ల కొళాయి, కరెంటు ప్లగ్గు ఉన్న స్థలాలే 350 ఉన్నాయి. బండిని ఆపి, 30 లేదా 50 ఆంపియర్ల ప్లగ్గు పెట్టుకుంటే ఇల్లే. తిరిగి వెళ్లేటప్పుడు మురుగు తొట్టిని డంప్ స్టేషన్‌లో ఖాళీ చేయాలి. ఫొటోల్లో కనిపించని పని అదొక్కటే. ఎండలు ముదిరి బర్న్ బ్యాన్ పెట్టారా, నెగడు వేయకూడదు. కట్టెల మంట మీద చికెన్ కాలుద్దామని వెళ్లిన మనవాళ్లు గ్యాస్ స్టవ్ మీద ఉప్మా చేసుకుని వస్తారు.

ఇంకొకటి. జో పూల్ కూడా మన చెరువుల్లాగే మనుషులు కట్టినదే. అంత పెద్ద టెక్సస్‌లో చెప్పుకోదగ్గ సహజ సరస్సు కాడో ఒక్కటే అంటారు. మిగతావన్నీ ఆనకట్టల వెనక నిలిచిన నీళ్లు. తెలంగాణ నుంచి వెళ్లినవాడికి అక్కడ కొత్తగా అనిపించాల్సిన పని లేదు.

తేడా రాత్రి 10 గంటలకు తెలుస్తుంది. టెక్సస్ స్టేట్ పార్కుల్లో అప్పటి నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం పాటించాల్సిందే, రేంజర్ వచ్చి మరీ చెబుతాడు. మా చెరువు ఒడ్డున పక్క ఫామ్‌హౌస్ డీజే ఒంటిగంటకు ఆగింది. ఆ తర్వాత విమానాలు. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి నుంచీ వాటికి రాత్రీ పగలూ లేవు. దిగేందుకు చక్రాలు దించుకున్న విమానం పైనుంచి పోయినప్పుడల్లా గుడారం గుడ్డ మీద దీపం వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. మా చిన్నోడు పద్నాలుగు దాకా లెక్కపెట్టి నిద్రపోయాడు.