గ్వానహ్వాతో: వెండి కొండల నడుమ ఇద్దరి విడిది

మెక్సికో నగరానికి వాయవ్యంగా బస్సులో దాదాపు 5 గంటల ప్రయాణ దూరంలో, సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తున, ఇరుకైన లోయలో గ్వానహ్వాతో అనే పాత పట్టణం ఉంది. చుట్టుపక్కల గనులతో సహా దీన్ని యునెస్కో 1988లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మూడు నాలుగు రోజుల సెలవు దొరికిన దంపతులు మెక్సికో అనగానే సముద్రతీరపు విడిది కేంద్రాల వైపు చూడటమో, ఉన్న కొద్ది రోజుల్లోనే నాలుగైదు ఊళ్ళు చుట్టిరావాలని చూడటమో పరిపాటి. అలా చేస్తే సెలవులో సగం రోడ్ల మీదే గడిచిపోతుంది. గ్వానహ్వాతో ఒక్కదాన్నే ఎంచుకుని, అక్కడే బస చేసి, ఆ ఊరు ఎందుకు అలా పెరిగిందో తెలుసుకుంటూ నడవడం మేలు.

పట్టణ చరిత్ర అంతా వెండితో ముడిపడినదే. 16వ శతాబ్దం మధ్యలో ఈ కొండల్లో వెండి ఖనిజం బయటపడింది. తవ్వితీసిన రాతిని మెత్తగా పొడిచేసి, ఉప్పు, పాదరసం కలిపి, ఆ బురదను విశాలమైన రాతి ముంగిళ్ళలో పరిచి కంచర గాడిదలతో వారాల తరబడి తొక్కించేవారు. పాదరసం వెండిని తనలో కలుపుకున్నాక దాన్ని కాచి, పాదరసాన్ని ఆవిరిగా పంపి, వెండిని మిగుల్చుకునేవారు. 18వ శతాబ్దం చివరికి ఊరి పైనున్న వలెన్సియానా గని ప్రపంచంలో అత్యధికంగా వెండినిచ్చే గనుల్లో ఒకటయింది. 1803లో ఇక్కడికి వచ్చిన జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్, గని లోతుల నుంచి మెట్ల మీదుగా ఖనిజాన్ని వీపులపై మోసుకొచ్చే కూలీల గురించి వివరంగా రాశాడు. ఆ కాలంలో మచిలీపట్నం వంటి కోరమాండల్ రేవుల్లో బట్టలు కొన్న ఐరోపా వర్తక కంపెనీలు చెల్లించిన వెండిలో చాలా భాగం స్పానిష్ అమెరికా గనుల నుంచి వచ్చినదే. కాబట్టి తెలుగు నేల నేతగాళ్ళ శ్రమకూ ఆ ఖండపు గని కూలీల శ్రమకూ మధ్య, ఇరుపక్షాలూ ఎరగని ఒక లంకె ఉండేది.

ఊరి నడిబొడ్డున ఒకప్పుడు నది పారేది. వరదలు పదేపదే ముంచెత్తగా, ముఖ్యంగా 1905 నాటి పెద్ద వరద తర్వాత, నీటిని సొరంగం ద్వారా మళ్ళించారు. 1960లలో ఎండిన నదీగర్భాన్నే భూగర్భ రహదారిగా మార్చారు. పాత ఇళ్ళ పునాదుల కింద, రాతి కమానుల నడుమ ఇవాళ కార్లూ బస్సులూ తిరుగుతుంటే, పైన చాలా వీధులు పాదచారులకే మిగిలాయి. వాలు మీదికి పాకిన సందులను కయ్యెహోన్ అంటారు. వీటిలో చాలావాటికి వాహనాలు రావు కనుక, బస కుదుర్చుకునేటప్పుడు వీధి నుంచి ఎన్ని మెట్లు ఎక్కాలో ముందే అడగాలి, సామాను తక్కువగా తీసుకువెళ్ళాలి. గది ఊరి మధ్యనుండే హార్దిన్ దె లా ఊనియోన్ అనే ముక్కోణపు తోటకు దగ్గరగా ఉంటే రాత్రి సంగీతం, సందడి తప్పవు. నాలుగు సందులు అవతల తీసుకుంటే నిద్రకు భంగం ఉండదు. ఆ తోట చుట్టూ మర్రి కుటుంబానికి చెందిన చెట్లను గోడలా కత్తిరించి పెంచారు. వాటిని అక్కడివారు భారతీయ లారెల్ అని పిలుస్తారు. ఎత్తు వల్ల మొదటి రోజు ఆయాసం రావచ్చు కాబట్టి ఆ సాయంత్రం ఈ తోటలోని బెంచీల మీద గడిపి, పక్కనే 1903లో ప్రారంభమైన హువారెస్ నాటకశాలను చూసి, దాని వెనకనుంచి కొండమీదికి తీసుకెళ్ళే తీగబండి ఎక్కడం సరిపోతుంది. పైనుంచి చూస్తే ఇళ్ళ రంగులూ లోయ మలుపులూ ఒక్కసారిగా కనిపిస్తాయి.

జంటలు తప్పక వెతికేది ముద్దుల సందు. ఇక్కడ ఎదురెదురు మేడల వసారాల మధ్య దూరం 70 సెంటీమీటర్లకు మించదు. ధనికుడి కూతురినీ పేద గని కార్మికుడినీ తండ్రి కోపం విడదీసిందనీ, అతడి కళ్ళెదుటే ఆమె హత్యకు గురైందనీ కథ చెబుతారు. మూడో మెట్టు మీద ముద్దు పెట్టుకున్న జంటకు 7 ఏళ్ళు అదృష్టమన్నది అక్కడి నమ్మకం. పగలు అక్కడ వరుస కట్టి నిలబడాలి. పొద్దున్నే వెళితే ఆ ఇరుకును తీరిగ్గా చూడవచ్చు. దానికంటే మధురమైనది కయ్యెహోనెయాద. పాతకాలపు స్పానిష్ విద్యార్థుల నల్లని దుస్తుల్లో గాయకబృందం గిటార్లు వాయిస్తూ సందుల వెంట నడుస్తుంటే, జనం పాడుతూ వెనక నడిచే రాత్రి ఊరేగింపు ఇది.

చరిత్రకు కనీసం ఒక పూట కేటాయించాలి. ధాన్యం నిల్వకు కట్టిన అలోందిగ దె గ్రనాదితాస్ భవనంలో దాక్కున్న స్పెయిన్ పక్షం వారిపై 1810 సెప్టెంబరు 28న స్పెయిన్ పాలనను ఎదిరించిన తిరుగుబాటుదారులు గెలిచారు. వీపున రాతిపలక కట్టుకుని తూటాలకు అడ్డుపెట్టి, తలుపుకు నిప్పుపెట్టిన పీపిల అనే గని కార్మికుడిని ఊరు ఇంకా తలచుకుంటుంది. మరుసటి ఏడాది ఆ తిరుగుబాటును నడిపిన ఇదాల్గోతో సహా నలుగురు నాయకుల తలలను ఈ భవనపు నాలుగు మూలల్లో ఇనుప పంజరాల్లో వేలాడదీశారు. అవి 1821 దాకా అక్కడే ఉన్నాయి. ఇప్పుడిది మ్యూజియం. చిత్రకారుడు దియేగో రివేరా 1886లో పుట్టిన ఇల్లూ ఇక్కడికి దగ్గరే. అక్కడ చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు కనుక రోజులను దానికి తగ్గట్టు అమర్చుకోవాలి.

భోజనంలో రుచి చూడవలసినవి గని కార్మికుల పేరు మీదున్న ఎంచిలాదాస్ మినేరాస్. మొక్కజొన్న రొట్టెను ఎండుమిర్చి రసంలో ముంచి, నూనెలో వేయించి, జున్ను పెట్టి చుట్టి, పైన బంగాళాదుంప, క్యారెట్ ముక్కలు వేస్తారు. మిరపను మొదట సాగుచేసిన దేశం మెక్సికోయే కాబట్టి తెలుగువారి నాలుకకు ఈ కారం పరాయిది కాదు. అయితే శాకాహారులు వంటలో పంది కొవ్వు వాడారా అని అడిగి తెలుసుకోవాలి. ఉడికించిన చిక్కుడు గింజల్లో కూడా అది ఉండే అవకాశముంది.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి మెక్సికో వీసా అవసరం. అమెరికా చెల్లుబాటు వీసా లేదా అక్కడి శాశ్వత నివాస హక్కు ఉన్నవారికి ఆ అవసరం లేదు. డాలస్, హ్యూస్టన్ నగరాల్లోని తెలుగు కుటుంబాలకు బహియో విమానాశ్రయం దగ్గర దారి. అక్కడినుంచి ఊరు రోడ్డు మీద అరగంట పైచిలుకు. అమెరికా వీసా ముద్ర గడువును తిరుగు ప్రయాణం కోసమైనా ముందే చూసుకోవాలి. భద్రత విషయం దాచవలసినది కాదు: గ్వానహ్వాతో రాష్ట్రంలో ముఠాల హింస ఎక్కువ, అయితే అది సెలాయా, ఇరాపుఆతో వంటి పారిశ్రామిక పట్టణాల వైపే కేంద్రీకృతమైంది. ఊళ్ళ మధ్య ప్రయాణం పగటిపూట, టోల్ రహదారి మీద చేయడం, తాజా ప్రభుత్వ హెచ్చరికలు చూడటం అవసరం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు. అక్టోబరులో 1972 నుంచి జరుగుతున్న సెర్వాంతినో కళోత్సవం గొప్పదే గానీ, అప్పుడు గదులు నెలల ముందే నిండిపోతాయి. నవంబరు మొదలు ఆకాశం తేటగా, రాత్రులు చలిగా ఉంటాయి.

ఊరికి పేరు తెచ్చిన మరో మ్యూజియంలో, సమాధి పన్ను చెల్లించలేని కుటుంబాల వారిని 1865 నుంచి వెలికితీయగా ఎండిపోయి దొరికిన దేహాలను ప్రదర్శిస్తారు. పేదరికం మరణానంతరమూ వదలని ఆ మనుషులను చూసే గంటను, ఆఖరి ఉదయం వలెన్సియానా కొండమీది సాన్ కయెతానో చర్చికి ఇవ్వడం మంచిది. 1788లో పూర్తయిన ఆ చర్చి ముఖభాగంలో ఖాళీ అన్నదే లేకుండా లతలూ స్తంభాలూ చెక్కారు, లోపలి బలిపీఠాలకు నిలువెల్లా బంగారు పూత పూశారు. చర్చికి దగ్గర్లో ఉన్న గని ముఖద్వారం దగ్గరికి కూడా నడిచి వెళ్ళవచ్చు, ఆ పైన బస్సులో ఊళ్ళోకి దిగి విమానానికి బయలుదేరవచ్చు.