ఇంట్లో అందరికీ తెలిసిన రహస్యం: ఫ్యామిలీ సస్పెన్స్ నవలలు ఎలా చదవాలి?

ఈరోజు ఫోన్ల గురించి కాదు, యాప్‌ల గురించి కాదు. పుస్తకాల గురించి మాట్లాడుకుందాం. అది కూడా ఒకే రకం పుస్తకాలు: ఒక పెద్ద ఇల్లు, ఒక కుటుంబం, అందులో ఎవరూ మాట్లాడని విషయం ఒకటి. అదేంటో మనకి చివర్లో తెలుస్తుంది.

మా ఫ్రెండ్ ఒకడు ఇలాంటి నవల మొదలుపెడతాడు, 60 పేజీలు చదువుతాడు, ఆగలేక చివరి చాప్టర్‌కి వెళ్లిపోతాడు. లేదంటే గూగుల్‌లో ఎండింగ్ కొట్టేస్తాడు. ఆ తర్వాత "ఓస్, ఇంతేనా" అని పక్కన పడేస్తాడు. వాడి తప్పు కాదు. సీక్రెట్ ఏంటన్నదే అసలు విషయం అనుకుంటే ఎవరైనా అదే చేస్తారు. కానీ ఈ నవలల్లో అసలు ప్రశ్న వేరే ఉంది: ఆ సీక్రెట్ ఇన్నాళ్లు ఎలా నిలబడింది?

నాకు ఇది ఎందుకు పట్టిందో చెప్పాలంటే ముందు ఒక కంచం గురించి చెప్పాలి.

అటక మీద కంచం

మొన్నటి ముందు సంక్రాంతికి ఇంటికెళ్లాను. అమ్మ అటక దులపమంది. పాత ఇత్తడి బిందెలు, విరిగిన ఫ్యాను, వాటి వెనకాల గోనెసంచిలో ఒక స్టీలు కంచం. మన ఇళ్లలో సామాన్ల మీద పేరు కొట్టిస్తారు కదా, అలా దాని మీద మా ఇంటిపేరు మొదటి అక్షరం, ఒక అమ్మాయి పేరు, 1991 అని ఉంది. ఆ పేరు గలవాళ్లు మా ఇంట్లో నాకు తెలిసి ఎవరూ లేరు.

"ఇదెవరిదమ్మా?" అన్నాను. "మా పెళ్లి సామాను, పక్కన పెట్టు. స్నానం చేసి భోజనానికి రా" అంది అమ్మ. నాన్న టీవీ సౌండ్ పెంచారు. నానమ్మ ఏమీ మాట్లాడకుండా కంచం తీసుకుని, కొంగుతో తుడిచి, తన మంచం కింద పెట్టుకుంది. నేను కూడా ఇంకేం అడగలేదు. పండగ పూట ఎందుకులే అనుకున్నాను.

రెబెక్కా: అడగని ప్రశ్న

ఆ తర్వాత కొన్ని నెలలకి, మెట్రోలో ఆఫీసుకి వెళ్తూ ఫోన్‌లో ‘రెబెక్కా’ చదివాను. డాఫ్నే డు మారియర్ రాసిన ఇంగ్లిష్ నవల, 1938లో వచ్చింది. 1940లో హిచ్‌కాక్ సినిమాగా తీశాడు, దానికి బెస్ట్ పిక్చర్ ఆస్కార్ కూడా వచ్చింది. మెయిన్ సీక్రెట్ నేను చెప్పను, భయపడకండి. సగం దాకా జరిగేది మాత్రం చెప్తాను.

ఒక పేదింటి అమ్మాయి మాంటీ కార్లోలో ఒక డబ్బున్నావిడ దగ్గర తోడుగా పనిచేస్తూ ఉంటుంది. అక్కడ మాక్సిమ్ డి వింటర్ అనే పెద్దమనిషి పరిచయం అవుతాడు. భార్య రెబెక్కా అంతకుముందే సముద్రంలో పడవ ప్రమాదంలో పోయింది. ఈ అమ్మాయిని పెళ్లి చేసుకుని మాండర్లీ అనే తన బంగ్లాకి తీసుకెళ్తాడు. కథ మొత్తం ఈ అమ్మాయే చెప్తుంది. కానీ ఆమె పేరేంటో నవల అయిపోయేదాకా మనకి తెలియదు. చనిపోయినావిడ పేరు మాత్రం అట్ట మీదే ఉంది!

ఆ ఇంట్లో మిసెస్ డాన్వర్స్ అని హౌస్‌కీపర్ ఉంటుంది. రెబెక్కా గదిని ఎలా ఉన్నది అలాగే ఉంచుతుంది. ఒకరోజు ఇంట్లో ఫోన్ మోగుతుంది. మిసెస్ డి వింటర్ ఉన్నారా అని అవతలి గొంతు. ఈ అమ్మాయి కంగారులో, ఆవిడ పోయి ఏడాది దాటిందండీ అనేస్తుంది. తర్వాత గుర్తొస్తుంది, ఇప్పుడు మిసెస్ డి వింటర్ అంటే తనే అని. నేను మెట్రోలో అక్కడ ఆగిపోయాను. తన పేరుతో పిలిస్తే తనే గుర్తుపట్టలేనంతగా ఆ ఇల్లు ఆమెని మింగేసింది.

తర్వాత ఫ్యాన్సీ డ్రెస్ పార్టీ సీన్ వస్తుంది. గోడ మీదున్న ఒక పాత పెయింటింగ్‌లోని డ్రెస్ లాంటిది కుట్టించుకోమని డాన్వర్స్ సలహా ఇస్తుంది. అమ్మాయి సంబరంగా వేసుకుని మెట్లు దిగుతుంది. కింద ఉన్నవాళ్ల మొహాలు పాలిపోతాయి. భర్త కోపంగా, వెళ్లి మార్చుకో అంటాడు. అంతకుముందు పార్టీలో రెబెక్కా వేసుకున్నది అదే డ్రెస్. భర్తకి తెలుసు, ఆడపడుచుకి తెలుసు, మేనేజర్‌కి తెలుసు. తెలియనిది ఆమె ఒక్కదానికే.

ఇక్కడ గమనించండి. ఆమె భర్తని ఒక్కసారి కూడా సూటిగా అడగదు. అడిగితే ఆయన బాధపడతాడేమో, తనని తక్కువగా చూస్తాడేమో అని భయం. అడగని చోటల్లా తనే ఊహించుకుంటుంది. ఊహించుకున్నది నిజం కంటే ఎక్కువ బాధపెడుతుంది. అంటే సీక్రెట్ దాచిపెట్టేది అబద్ధం చెప్పినవాడొక్కడే కాదు. అడగనివాళ్లు కూడా దానికి కాపలా కాస్తారు.

అది చదివాక నాకు కంచం గుర్తొచ్చింది.

తేదీలో బగ్

ఇంకో పుస్తకం: విల్కీ కాలిన్స్ రాసిన ‘ది ఉమన్ ఇన్ వైట్’. మన వారపత్రికల్లో సీరియల్స్ వచ్చి "సశేషం" అని ఆగిపోయేవి కదా, ఇదీ అలాగే చార్లెస్ డికెన్స్ నడిపిన వారపత్రికలో 1859 నుంచి 1860 దాకా సీరియల్‌గా వచ్చింది. కాలిన్స్ లా చదువుకున్నాడు. అందుకే కథని కోర్టులో సాక్షుల్లా చెప్పించాడు. ఒక్కొక్కరు తమకి తెలిసినంతవరకే చెప్తారు. మొత్తం ఏం జరిగిందో కలుపుకోవాల్సింది మనమే.

ఆ నవలలో మోసం మొత్తం ఒక ప్రయాణం ఏ తేదీన జరిగిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఏంటంటే, పుస్తకంగా వచ్చాక టైమ్స్ పేపర్ రివ్యూలో ఒకాయన లెక్కేసి, ఈ తేదీలు కుదరడం లేదు అని పట్టుకున్నాడు. నిజమే, రచయితే పొరపాటు చేశాడు. 1861 ఎడిషన్‌లో కాలిన్స్ దాన్ని సరిచేశాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమవుతుంది: బగ్ రిపోర్ట్ వచ్చింది, ఫిక్స్ చేసి కొత్త వెర్షన్ వదిలాడు!

ఇందులో మనకి పనికొచ్చేది ఏంటంటే, మనుషులు కథని ఎంత బాగా అల్లినా తేదీలు పట్టిచ్చేస్తాయి. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఉత్తరం ఎప్పుడు వచ్చింది, పెళ్లి ఏ ఏడాది. అప్పుడు నాకు తట్టింది: అమ్మానాన్నల పెళ్లి 1994. కంచం మీద ఉన్నది 1991. మరి అది పెళ్లి సామాను ఎలా అవుతుంది?

చదివేటప్పుడు ఏం చూడాలి

మీరు ఈసారి ఇలాంటి నవల పట్టుకుంటే నాలుగు విషయాలు చూడండి.

ఒకటి, మాట మార్చేది ఎవరు? ప్రశ్న రాగానే భోజనానికి రమ్మనేవాళ్లు, వాతావరణం గురించి మాట్లాడేవాళ్లు. రచయిత క్లూ పెట్టేది సాధారణంగా అక్కడే.

రెండు, తేదీలు, వయసులు. ఫోన్‌లో నోట్స్ తెరిచి రాసుకోండి. తప్పు లెక్క కనపడితే వదలొద్దు.

మూడు, ఈ మౌనానికి ఖర్చు ఎవరు కడుతున్నారు? పరువు ఒకరిది, నష్టం ఇంకొకరిది అవుతుంది. ‘రెబెక్కా’లో ఆ అమ్మాయికి పేరు కూడా మిగల్లేదు.

నాలుగు, చదవడం అయిపోయాక మొదటి చాప్టర్ మళ్లీ చదవండి. ఎండింగ్ తెలిసాక కూడా బాగుందంటే అది మంచి నవల. మా ఫ్రెండ్‌కి నేను చెప్పేది ఇదే: ఎండింగ్ ముందే చూశావా, పర్లేదు, ఇప్పుడు మొదటినుంచి చదువు, ఎవరు ఎలా దాచారో చూడు.

ఇంకోమాట. అన్ని సీక్రెట్లూ తేలవు. డు మారియరే 1951లో ‘మై కజిన్ రేచల్’ అని రాసింది. రేచల్ తప్పు చేసిందా లేదా అన్నది చివరిదాకా తేల్చదు. పుస్తకం మూసేసి మనమే జుట్టు పీక్కోవాలి.

మళ్లీ కంచం

నవలలో సీక్రెట్ బయటపడగానే పుస్తకం అయిపోతుంది. ఇంట్లో అలా కాదు. మర్నాడు పొద్దున్న అందరూ కలిసి కాఫీ తాగాలి. అందుకే బయటపెట్టడం వేరు, అడగడం వేరు. నేను అందరి ముందూ అడగలేదు. ఒక మధ్యాహ్నం నానమ్మ చిక్కుళ్లు వలుస్తుంటే పక్కన కూర్చుని అడిగాను. "నానమ్మా, ఆ కంచం ఎవరిది?"

"మీ అత్తది రా. ఇంటర్ పాసైందని నేనే కొనిచ్చా. ఇన్నాళ్లకి అడిగావు" అంది.

నాన్నకి చెల్లెలు ఉందని నాకు అప్పుడే తెలిసింది. వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుంది. ఇంట్లో దాని పేరు ఎత్తొద్దు అన్నారు తాతయ్య. ఎవరూ ఎత్తలేదు. "మీ తాతయ్య మాట కదా అనుకున్నాం. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఇంకా ఎవరి మాట వింటున్నామో తెలీదు" అంది నానమ్మ.

ఇందులో విలన్ ఎవరూ లేరు. తాతయ్య ఒక్కరోజు అన్న మాటని మిగతా అందరం ముప్పై ఏళ్లు మోశాం. తెలియకపోయినా నేను కూడా మోశాను, అడగకుండా.

అత్త పేరు నేను చెప్పలేదు, గమనించారా? అది ఆవిడ విషయం, చెప్పాలో వద్దో ఆవిడ ఇష్టం. ఈ ఎపిసోడ్ చేయొచ్చా అని నానమ్మని అడిగితే "పేరు చెప్పకు, కంచం గురించి చెప్పు" అంది. ఇప్పుడు ఆ కంచం మంచం కింద లేదు. వంటింట్లో మిగతా కంచాలతో ఉంది. నాన్న ఇంకా ఏమీ మాట్లాడలేదు. కానీ నానమ్మ అత్త గురించి మాట్లాడుతుంటే ఈసారి టీవీ సౌండ్ పెంచలేదు.

సరే, ‘రెబెక్కా’తో మొదలుపెట్టండి. చివరి చాప్టర్‌కి మాత్రం దూకకండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.