యంత్రంతో రాజ్యతంత్రం

మా మేనల్లుడు వేసవి సెలవులకు వచ్చి నాలుగు రోజులన్నా కాకముందే ఒక మహాసామ్రాజ్యాన్ని పోగొట్టుకున్నాడు. కంప్యూటరు ముందునుంచి లేచి, "నావల్ల కాదు మామయ్యా, ఆ మిషనుకున్న బుద్ధి నాకు లేదు" అన్నాడు.

మామూలుగా అయితే నవ్వి ఊరుకునేవాణ్ణే. కాని వాడు ఆ నెలలోనే ఒక ప్రవేశపరీక్ష తప్పి వచ్చాడు. ఆటలో ఓడినవాడి మాటలా వినిపించలేదు నాకది. నెల్లూరులో పాఠాలు చెప్పుకునే నేను ఏటా వేసవిలో మైపాడు దగ్గరి మా పాత ఇంటికి చేరుతాను. సముద్రపు హోరు తప్ప మరో చప్పుడు లేని ఆ ఇంట్లో వాడి మాట మా ఆవిడ కూడా విన్నది. "ఏదో ఒకటి చెప్పండి, ఊరంతటికీ చెబుతారుగా!" అన్నట్టు నావంక చూసింది.

చెప్పడానికి ముందు తెలుసుకోవాలి కదా? మర్నాడు పొద్దున్నే వాడికి శిష్యుణ్ణయ్యాను.

ఆ ఆట పేరు మాస్టర్ ఆఫ్ ఓరియన్. 1993లో అమెరికాలో వెలువడింది. తరవాత ఇలాటివి ఎన్నో వచ్చాయిగాని, మా ముసలి కంప్యూటరు మొయ్యగలిగింది దీన్నే. ఓరియన్ అంటే మరేమిటో కాదు, మన మృగశిర, ఆర్ద్ర ఉన్న నక్షత్రాల గుంపు. కథ 2300వ సంవత్సరంలో మొదలవుతుంది. మీకు ఒక గ్రహం, దారులు చూసివచ్చే వేగు నౌకలు రెండు, వలస జనాన్ని మోసుకుపోయే నౌక ఒకటి ఇస్తారు. అంతే ఆస్తి. ఆ చీకట్లో ఎక్కడెక్కడో ఐదుగురిదాకా రాజులు ఇలాగే బయలుదేరి ఉంటారు. వాళ్లందరినీ ఆడించేది యంత్రమే.

శ్రీహరికోటనుంచి రాకెట్టు లేచినప్పుడు మేడమీదికి పరుగెత్తి చూసే ఈ తీరపు పిల్లలకు ఇలాటి ఆట నచ్చడంలో వింత లేదు. నాకు మాత్రం అందులో ఆకాశంకన్నా ముందు సంసారం కనిపించింది. ప్రతి గ్రహం రాబడినీ ఐదు పద్దులకు పంచాలి: నౌకలు, రక్షణ, పరిశ్రమలు, పరిశుభ్రత, పరిశోధన. అంతా పరిశ్రమలకే పోస్తే మురికి పేరుకుని గ్రహం పాడవుతుంది. అంతా పరిశోధనకే పోస్తే వాకిట్లోకి శత్రువు వచ్చేసరికి చేతిలో కర్ర ఉండదు. ఒకటో తారీకున జీతం పంచుకునే గృహస్థుకు ఇదేమీ కొత్త విద్య కాదు.

అసలు రుచి ఎదుటి రాజుల స్వభావంలో ఉంది. ఆట చేసినవారు వాళ్లకు ఆరు గుణాలు కల్పించారు. పరులంటే గిట్టనివాడు, నిర్దయుడు, దూకుడు మనిషి, చపలచిత్తుడు, మాటకు కట్టుబడేవాడు, శాంతికాముడు. వీటికి తోడు ఒకడికి యుద్ధం మీద, ఒకడికి విద్య మీద, ఒకడికి పరిశ్రమల మీద, ఇలా మరో ఆరు రకాల మోజులు. ఎవడు ఎలాటివాడో తెరమీద చూసుకోవచ్చు. మావాడు చూడలేదు! చపలచిత్తుడితో సంధి చేసుకుని, ఆ సరిహద్దు ఖాళీగా వదిలి, మాటకు కట్టుబడేవాడి ఎదట దండు దించాడు. చపలచిత్తుడికి సంధి చెడగొట్టడానికి కారణమంటూ అక్కరలేదు. ఒకనాడు వచ్చి పడ్డాడు.

తిక్కన సోమయాజి తిరిగిన ఊరివాణ్ణి కనక నాకు వెంటనే ఉద్యోగపర్వం జ్ఞాపకం వచ్చింది. రాయబారం ఫలించేదీ లేనిదీ వినేవాడి స్వభావాన్నిబట్టి ఉంటుంది. మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకున్నప్పుడు తిక్కనగారే ఓరుగల్లు వెళ్లి, గణపతిదేవ చక్రవర్తి సాయం సంపాదించుకువచ్చారని ప్రతీతి. ఎవరి గుమ్మం తొక్కాలో తెలియడమే సగం రాజనీతి.

ఇంతా చెప్పాక మావాడు, "అది సరే మామయ్యా, నేను వంద పనులు చేసేలోగా వాళ్లు రెండువందలు చేస్తున్నారే, అదెలాగ?" అన్నాడు.

ఆటకు ఐదు మెట్లున్నాయి. అన్నిటికంటె పైమెట్టు పేరు అసాధ్యం. రోషంకొద్దీ వాడు సరాసరి అక్కడికే ఎక్కాడు. పైమెట్టుమీద యంత్రానికి బుద్ధి పెరగదు, రాబడి పెరుగుతుంది. ఆడే తీరు అదే, సొమ్ము మాత్రం ఎక్కువ. 1997లో డీప్ బ్లూ అనే యంత్రం చదరంగంలో కాస్పరోవ్‌ను ఓడించింది. అక్కడ గళ్లు అరవైనాలుగే, బలగమంతా కంటికెదురుగా ఉంటుంది. ఇక్కడ కనపడని గ్రహాలు, పలువురు రాజులు, వందల ఎత్తులు. ఆనాటి ఇంటి కంప్యూటరు అంత దూరం ఆలోచించలేదు. అందుచేత ఆట చేసినవారు దానికి చేతిసాయం చేశారు. ఇప్పటి యంత్రాల సంగతి వేరు. 2019లో ఆల్ఫాస్టార్ అనేది స్టార్‌క్రాఫ్ట్ రెండో ఆటలో గొప్ప ఆటగాళ్ల వరసకు చేరింది.

అప్పుడు వాణ్ణి వీధి అరుగు మీదికి తీసుకువెళ్లి సుద్దముక్కతో పులిమేక గీశాను. మూడు పులులు, పదిహేను మేకలు. చిన్నప్పుడు మా అవ్వ నాతో ఆడుతూ పులులు రెండే పెట్టుకునేది. నేను గెలిచి ఊరంతా చాటేవాణ్ణి. మూడో పులి సంగతి తెలిసిన రోజున ఎంత ఏడ్చానో!

"ఇప్పుడు చెప్పు. ఆ అసాధ్యంలో అవ్వ ఎవరు, పిల్లవాడెవరు?"

వాడు కాసేపు ఆలోచించి, "పిల్లవాడు మిషనే మామయ్యా!" అని పకపక నవ్వాడు. వచ్చాక వాడు నవ్వడం అదే మొదలు.

మరో సంగతి కూడా ఆ గీతల్లోనే చూపించాను. మేకలు గెలిచేది పరుగుతో కాదు. వెనక చోటు ఖాళీ లేకుండా ఒకదానికొకటి ఆనుకుని నిలబడితే పులి దూకలేదు. మావాడి గ్రహాలు ఎనిమిదీ ఎనిమిది దిక్కులా ఉన్నాయి.

ఈసారి వాడు నడిమి మెట్టున మొదలుపెట్టాడు. ఒకదాన్నానుకుని ఒకటిగా గ్రహాలు పట్టాడు. చపలచిత్తుడి వైపు కాపలా పెట్టి, మాటకు కట్టుబడేవాడితో సంధి చేసుకుని, దాన్ని తు.చ. తప్పకుండా నిలుపుకున్నాడు. కొంతకాలానికి రాజులందరి సభ కూడుతుంది. అందులో మూడింట రెండు వంతుల వోట్లు వచ్చినవాడే చక్రవర్తి. సంధి చేసుకున్నవాడు మావాడికే వోటు వేశాడు. అయినా కొద్దిలో తప్పిపోయింది.

నేను బిక్కుబిక్కుమంటూ వాడి మొహం వంక చూశాను.

"వచ్చే సభలో చూద్దాం మామయ్యా" అన్నాడు వాడు. నాలుగు రోజుల కిందట వాడి నోట రాని మాట అది.

ఆ సాయంత్రం, తెచ్చినదాదిగా మూలపడి ఉన్న పుస్తకాల సంచీ తనే విప్పాడు. మా ఆవిడ ఈసారి నావంక చూడలేదు. కాఫీ మాత్రం అడక్కుండానే వచ్చింది.