ఎఫ్ కార్డుకు ఒక నిమిషం వీడియో

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే, గిటారు పట్టిన మొదటివాణ్ణీ నేనే. తప్పు చెప్పేవాళ్లు లేరు. నంద్యాలలో ఫీజు కట్టి నేర్చుకునే స్తోమతా లేదు. చూపుడువేలితో 6 తీగలూ అడ్డంగా అదిమే ఎఫ్ కార్డు 2 ఏళ్లు బరబరమంటూనే ఉండింది. నా వేళ్లే పొట్టివనుకుని గిటారు అమ్మబోయాను.

ఆళ్లగడ్డలో ఉన్న మన హాస్టల్ సీనియర్ అన్న, "పాటంతా వద్దురా, ఎడమచెయ్యి కనబడేలా ఒక్క నిమిషం తీసి పంపు" అన్నాడు. చూసి లోపం చెప్పాడు. వేలు ఫ్రెట్ కమ్మీకి దూరంగా పడుతోంది, దాన్ని ఆనుకుని వెనకే ఉండాలి. బొటనవేలు పైకి పాకుతోంది, గిటారు మెడ వెనక మధ్యలో ఉండాలి. వాయించేటప్పుడు మన ధ్యాస పాట మీదే కదా, చేతిని ఎవరు చూస్తారు?

నట్ పక్కన తీగ అదమడం కష్టం. అందుకని అదే పట్టును 5వ ఫ్రెట్‌లో మొదలుపెట్టి, వారానికొక ఫ్రెట్ చొప్పున మొదటిదాకా రమ్మన్నాడు. నెలకు ఎఫ్ పలికింది.

తమ్ముళ్లూ, వీడియో పంపి "బాగుందా అన్నా?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "రెండో తీగ ఎందుకు మోగలేదు?" అనడగండి. తప్పు పోయిన చోటు కత్తిరించకండి.

నాకిప్పుడు బి మైనర్ బరబరమంటోంది. ఆదివారం అన్నకు పంపాలి.