శిమిలిగుడ స్టేషను

మా చింతపల్లికి రైలు లేదు. చుట్టము లెవరైన రాదలచినచో మైదానమున నర్సీపట్నం రోడ్డు స్టేషనులో దిగి, బస్సెక్కి, నర్సీపట్నము మీదుగా లంబసింగి ఘాటు నెక్కి రావలెను. (ఆ స్టేషనుకు నర్సీపట్నము పేరు గలదు గాని యూరు చాల దూరమున నున్నది. క్రొత్తవారు దిగి దిక్కులు చూచుట కద్దు.) ఆ కోస్తాదారి 1893-96 నడుమ వేయబడినది. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు మా యూరి పోలీసు ఠాణాను ముట్టడించునాటికి క్రింద రైళ్లు పాతికయేండ్లకు పైగా తిరుగుచుండెను. కొండమీదికి మాత్ర మొక్క పట్టాయైన రాలేదు.

కొండలమీద మాకు దగ్గరి రైలు పాడేరు దాటిన పిమ్మట అరకులో దొరకును. అరకుకు విశాఖవైపున ప్రక్కనున్న చిన్న స్టేషనే శిమిలిగుడ. ఒడిస్సాలో నిట్టి పేరుగల పట్టణము వేరొకటి గలదు. అది యిది గాదు.

సోదరీమణులారా, ఈ స్టేషను మనుష్యులకొరకు వెలసినది కాదు, రాతికొరకు వెలసినది. యుద్ధానంతరము తిరిగి లేచుచున్న జపానుదేశమునకు ఉక్కు కావలసివచ్చెను. బైలడిల కొండలలో (ఇవి నేడు ఛత్తీస్‌గఢ్‌లో నున్నవి) మేలిజాతి యినుపరాయి గలదు. దానిని విశాఖ రేవునకు దెచ్చి యోడల కెక్కించుటకై 1960లో నొడంబడిక కుదిరెను. కొత్తవలసనుండి కిరండూలు వరకు సుమారు 445 కిలోమీటర్ల దారి 1966-68 నాటికి సిద్ధమయ్యెను. దీనికై 58 సొరంగములు తొలిచి, 84 పెద్ద వంతెనలు గట్టిరి. బొఱ్ఱా గుహల నెత్తిమీదుగనే యీ దారి పోవును! రాతిబండ్లను లాగుటకు రెండుమూ డింజనులు కట్టుదురు. 1982 నాటికి విద్యుచ్ఛక్తి వచ్చినది.

శృంగవరపుకోట దాటిన పిమ్మట శివలింగపురము, త్యాడ, చిమిడిపల్లి, బొఱ్ఱా, కరకవలస స్టేషనుల మీదుగా నెక్కి యెక్కి శిమిలిగుడలో రైలు శిఖరము నందుకొనును. సముద్రమట్టమునకు 996.32 మీటర్లు. డార్జిలింగు బొమ్మరైలు దారిలోని ఘూం స్టేషను 2,258 మీటర్లున్నను, అది సన్నపట్టాల దారి. వెడల్పు పట్టాలపై, అనగా బ్రాడ్‌గేజిపై, మన దేశమున శిమిలిగుడయే చాలకాలము మిన్నగా నుండెను. 2008లో కాశ్మీరు లోయలో రైలు నడువగా, అగస్త్యుని ముందు వింధ్యము వలె నిదియు తల వంచినది.

2017 నుండి యాత్రికులకై యద్దాల పెట్టెయు దగిలించినారు. లోయల సొగసు చూడవలసినదే, కాదనను. కాని నేను చూచిన దింకొకటి.

ఒకమారు విశాఖనుండి వచ్చుచుండగా నా యెదుట నొక గిరిజన యువతి, ఒడిలో ఇరువదిదినముల బిడ్డతో గూర్చుండెను. చుట్టును అడ్డాకుల కట్టలు, చీపుళ్లు, ఖాళీగంపలు. నా భర్త బడిపంతులని యెరిగి, చనువుగా మాటలాడ మొదలిడెను.

"ఏ ఊరమ్మా?" అంటిని.

"శిమిలిగుడలో దిగి కొండెక్కాల పంతులమ్మా. మా ఊరికి దారి నేదు. నొప్పులొచ్చినప్పుడు నలుగురు డోలీ కట్టి టేసను దాకా మోసినారు. తెల్లారి మొదలెడితే మద్దినేలకు రైలు."

"రైలు లేకపోతేనో?"

ఆమె నవ్వి, బిడ్డ నుదుట చేయి వైచి, "మా అత్త అలాగే పోయింది, నాను పుట్టకముందు," అనెను.

రాతికై తొలిచిన సొరంగములగుండా ఆ బిడ్డ తల్లిరొమ్ము విడువక నిద్రించుచునే యుండెను. ప్రతి సొరంగమున పెట్టెలోని పిల్లలు కేకలు వేయుదురు. ఆ చీకటిలో నామె బిడ్డ చెవులు మూయుచుండుట నేను దీపపు వెలుగున గమనించితిని.

శిమిలిగుడలో మంచు క్రమ్మియున్నది. ఎత్తు వ్రాసిన బోర్డు చెంత నిద్దరు మగవారును, ఒక ముదుసలియు వేచియుండిరి. వెదురుబొంగునకు దుప్పటి గట్టిన డోలీ గోడకు జేర్చియుండెను. యువతి దానిలో గూర్చుండ నొల్లదయ్యెను. "నడుస్తాను" అని బిడ్డను ముదుసలి చేతి కందిచ్చి, సంచి నెత్తిన బెట్టుకొని, పట్టాలు దాటి కాలిబాట పట్టెను. ఖాళీ డోలీ వెనుక నడచినది.

మా బండి అరకువైపు దిగసాగెను.